మోడెమ్ మార్చాలి, తమ్ముడు పెట్టిన రౌటర్ ఉంచుకోవచ్చా?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతి ఇది.

వాళ్లది రెండంతస్తుల టౌన్‌హౌస్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులే. ఆమె వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు. ఇంట్లో ఉన్నది కేబుల్ ఇంటర్నెట్. మోడెమ్ 2016లో సొంతంగా కొన్నది. రౌటర్ మాత్రం 2018లో గృహప్రవేశానికి ఆమె తమ్ముడు కొనిచ్చాడు. అప్పుడతను ఎమ్మెస్ చదువుతూ వాళ్లింట్లోనే ఉండేవాడు. కెమెరాలు, ప్రింటర్, డోర్‌బెల్, టీవీ పెట్టె, అన్నీ తనే కలిపి పెట్టాడు. ఇప్పుడతను సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లో నెట్ పోతే ఈమె అతనికే ఫోన్ చేస్తారు.

కొన్ని నెలలుగా సాయంత్రాలు నెట్ పోతోంది. రెండుసార్లు క్లయింట్ మీటింగ్ మధ్యలోనే పోయింది. ఈలోగా కేబుల్ కంపెనీ ప్లాన్‌ను 500 ఎంబీపీఎస్‌కు పెంచి, మీ మోడెమ్ పాతది, మార్చుకోండి అని ఉత్తరం పంపింది. ఆమె 170 డాలర్లు పెట్టి డాక్సిస్ 3.1 (కేబుల్ తీగ మీద ఇంటర్నెట్ నడిపే పద్ధతిలో కొత్త తరం) మోడెమ్ కొన్నారు. ఒక శనివారం దాన్ని బిగించారు. లైట్లు వెలిగాయి, రౌటర్ మీద మాత్రం ఆరెంజ్ లైట్ పోలేదు. రెండు గంటలు తంటాలు పడ్డారు. భర్త రౌటర్ తీసేసి లాప్‌టాప్ నేరుగా పెడితే కంపెనీ పేజీ ఏదో వచ్చి అకౌంట్ వివరాలు అడిగింది. అది అర్థంకాక మూసేశారు. మళ్లీ రౌటర్ పెట్టినా లాభం లేకపోవడంతో "ఈ పాత డబ్బానే అడ్డం" అన్నారాయన. చివరికి పాత మోడెమే తగిలించారు.

కంపెనీవాళ్ల పెట్టె తీసుకుందాం, మోడెమ్, వైఫై రెండూ అందులోనే ఉంటాయి, నెలకు 15 డాలర్లు, మీ తమ్ముడి రౌటర్ తీసేద్దాం అని భర్త అంటున్నారు. బాగా పనిచేసే వస్తువును ఎందుకు పారేయాలని ఈమె. మాట మాట పెరిగి ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. రెండు వారాల్లో అత్తయ్యగారు, మావయ్యగారు రాజమండ్రి నుంచి ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. కొత్త మోడెమ్ వాపసు ఇవ్వడానికి ఇంకా 11 రోజులే గడువు. "మోడెమ్ మారిస్తే రౌటర్ కూడా మార్చాల్సిందేనా? నేనే మొండిగా ఉన్నానా?" అని అడిగారు.

సమాధానం

ముందు ఆ శనివారం దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే మీ గొడవ అంతా అక్కడే మొదలైంది. ఆ రోజు మీ కొత్త మోడెమ్ పాడైపోలేదు. మీ రౌటర్ దానికి అడ్డం పడలేదు. లాప్‌టాప్‌లో వచ్చిందే, ఆ కంపెనీ పేజీ, అది తప్పు జరిగినట్టు గుర్తు కాదు. మోడెమ్ కంపెనీ దాకా చేరుకుందనీ, కంపెనీ దాన్ని చూసి "నువ్వెవరి ఇంటి మోడెమ్‌వి?" అని అడుగుతోందనీ దాని అర్థం. ప్రతి కేబుల్ మోడెమ్‌కూ మ్యాక్ అడ్రస్ అనే సొంత గుర్తింపు నంబరు ఉంటుంది, పెట్టె అడుగున స్టిక్కర్ మీద. ఆ నంబరు మీ అకౌంట్‌కు ఎక్కేదాకా కంపెనీ బయటి ఇంటర్నెట్‌లోకి దారి వదలదు. ఆ పేజీలో లాగిన్ అయి ఉంటే, లేదా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ నంబరు చెప్పి ఉంటే, పది పదిహేను నిమిషాల్లో పని అయిపోయేది. మీరిద్దరూ ఒక్క అడుగు ముందు ఆగిపోయారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కేబుల్ మోడెమ్ ఆన్ అయ్యాక తనకు మొదట కనిపించిన ఒక్క పరికరాన్నే గుర్తుపెట్టుకుంటుంది. మీవారు మధ్యలో మోడెమ్ ఆపి, లాప్‌టాప్ పెట్టి ఆన్ చేసి ఉంటే, అది లాప్‌టాప్‌నే పట్టుకుని కూర్చుని ఉంటుంది. తర్వాత రౌటర్ తగిలించినా పట్టించుకోదు. మధ్యలో ఒకసారి మోడెమ్ కరెంటు తీసి పెడితేనే ఆ జ్ఞాపకం పోతుంది. ఇది తెలియక ఎన్నో ఇళ్లలో మంచి రౌటర్లను పాడైపోయాయని పక్కన పెట్టేస్తారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: మోడెమ్ మారిస్తే రౌటర్ మార్చాల్సిన పని లేదు. రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. గోడలోంచి వచ్చే కోయాక్స్ తీగలోని సిగ్నల్‌ను ఈథర్‌నెట్‌గా మార్చడం వరకే మోడెమ్ పని. దాన్ని ఇంట్లో పది పరికరాలకు పంచడం, వైఫై ఇవ్వడం, బయటివాళ్లను లోపలికి రానివ్వకుండా చూడటం రౌటర్ పని. ఈ రెంటి మధ్యా ఉన్నది ఒక మామూలు ఈథర్‌నెట్ తీగ. 2018 రౌటర్‌కు అవతల ఉన్నది 2016 మోడెమా, నిన్నటి మోడెమా అన్నది తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మోడెమ్ మాత్రం మార్చాల్సిందే, ఈ విషయంలో కంపెనీ ఉత్తరం నిజమే చెప్పింది. మీ పాతది 8 బై 4 డాక్సిస్ 3.0 అని రాశారు. అంటే కంపెనీ నుంచి మీ ఇంట్లోకి వచ్చే వైపు 8 ఛానళ్లు. ఒక్కో ఛానల్ సుమారు 43 ఎంబీపీఎస్ మోస్తుంది, ఎనిమిదీ కలిపినా 343 దాటదు. మీరు 500కి డబ్బు కడుతున్నారు. మిగతాది ఆ మోడెమ్‌లో పట్టదు. మీరు కొన్న 3.1 రకానికి ఆ ఇబ్బంది లేదు. అది మీ కంపెనీ ఒప్పుకునే మోడెమ్‌ల జాబితాలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మీ బిల్లులో హోమ్ ఫోన్ కూడా ఉంటే, మోడెమ్‌కు ఫోన్ జాక్ ఉన్న రకమే కావాలి, మామూలుది సరిపోదు. ఫోన్ లేకపోతే ఈ సంగతి వదిలేయండి.

అయితే మీరిద్దరూ చూడని ఒక విషయం ఉంది. సాయంత్రాలు నెట్ పోవడం మోడెమ్ వల్లా కాకపోవచ్చు, రౌటర్ వల్లా కాకపోవచ్చు. లైన్‌లోనే లోపం ఉండొచ్చు. కేబుల్ ఇంటర్నెట్ మీ ఒక్క ఇంటిది కాదు, వీధిలో ఎన్నో ఇళ్లు ఒకే లైన్‌ను పంచుకుంటాయి. సాయంత్రం అందరూ ఇంటికి చేరే వేళ రద్దీ పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. కానీ పూర్తిగా పోవడం వేరు. అది చాలాసార్లు వదులైన కనెక్టర్, పాత స్ప్లిటర్ (ఒక తీగను రెండు దారులుగా చీల్చే ముక్క), ఎండకు వానకు పాడైన తీగ వల్ల జరుగుతుంది. ఇది తేల్చకుండా ఏ పెట్టె మార్చినా, ఎవరి మాట నెగ్గినా, మీ మీటింగ్ మధ్యలో మళ్లీ నెట్ పోతుంది. అప్పుడు ఇంకో గొడవ.

తేల్చడం కష్టం కాదు. బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టండి. దాదాపు అన్ని కేబుల్ మోడెమ్‌ల సొంత పేజీ అక్కడే ఉంటుంది. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే మీకు వచ్చే సిగ్నల్ బలం, మైనస్ 7 నుంచి ప్లస్ 7 మధ్య ఉంటే నిశ్చింత. సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఎస్‌ఎన్‌ఆర్ అనే అంకె 33 పైన ఉండాలి. అప్‌స్ట్రీమ్ పవర్ 50 దాటుతోందంటే మోడెమ్ తన మాట కంపెనీకి వినిపించడానికి గొంతు చించుకుంటోందని అర్థం. ఈవెంట్ లాగ్‌లో టీ3, టీ4 టైమవుట్ (మోడెమ్ పిలిస్తే కంపెనీ నుంచి సమయానికి జవాబు రాకపోవడం) అని వరసగా కనిపిస్తే, ఆ సమయాలు మీకు నెట్ పోయిన సమయాలతో సరిపోతే, ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకుని కంపెనీని టెక్నీషియన్‌ను పంపమని అడగండి. "నెట్ స్లోగా ఉంది" అని చెబితే వాళ్లు మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. "అప్‌స్ట్రీమ్ పవర్ 52 ఉంది, సాయంత్రం ఏడుకు టీ3లు వస్తున్నాయి" అని చెబితే మనిషిని పంపక తప్పదు. అతను వచ్చేలోపు మీరే కోయాక్స్ తీగ రెండు చివరలా చేత్తో గట్టిగా బిగించండి. దారిలో స్ప్లిటర్ ఉందేమో చూడండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటే ఒక్కో దారిలో మూడున్నర డెసిబెల్స్ తినేస్తుంది. దానికి టీవీ తగిలించి లేకపోతే తీసేయండి.

ఇక రౌటర్. తమ్ముడిచ్చాడని ఉంచకండి, తమ్ముడిచ్చాడని తీసేయకండి. మూడు విషయాలు చూసి నిర్ణయించండి. మొదటిది, దాని వెనక ఇంటర్నెట్ పోర్టు వేగం. కొన్ని చవక రౌటర్లలో అది 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. అలాంటిదైతే మీ 500 ప్లాన్ ఐదో వంతుకు పడిపోతుంది, అప్పుడు మీవారి మాటే నిజమవుతుంది. మీరు రాసిన ఏసీ1750 రకంలో సాధారణంగా గిగాబిట్ పోర్టులే ఉంటాయి, సెట్టింగుల పేజీలో చూసి ఖాయం చేసుకోండి. రెండోది, పై గదిలో వైఫై. కింద 300 వచ్చి, పైన మీరు పనిచేసే గదిలో 60 వస్తోందని రాశారు. అది మోడెమ్ మార్చినా మారదు. గోడలు, దూరం వల్ల వచ్చిన తేడా అది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, దాని మీద ఎవరూ దెబ్బలాడుకోరు కాబట్టి ఎవరికీ పట్టదు. మీ రౌటర్‌కు తయారీదారు నుంచి చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చింది? 2025 మేలో ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక ఇచ్చింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత రౌటర్లలోకి నేరగాళ్లు దూరి, వాటిని తమ పనులకు వాడుకుంటున్నారని, వీలైతే వాటిని మార్చేయమని, మార్చేదాకా రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగులు మార్చే వీలు) ఆపేసి రీబూట్ చేయమని అందులో ఉంది. తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి చూడండి. అప్‌డేట్లు ఇంకా వస్తుంటే ఈ రౌటర్‌ను హాయిగా వాడుకోండి. ఆగిపోయి ఉంటే ఎంత బాగా పనిచేస్తున్నా దానికి సెలవు చెప్పే రోజు దగ్గరపడిందని ఒప్పుకోండి. మీ ఆఫీసు పని, ఇంటి కెమెరాలు దాని గుండానే వెళ్తున్నాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. కొత్త మోడెమ్, పాత రౌటర్ అనేది మొదటి దారి. మోడెమ్ ఎలాగూ కొన్నారు కాబట్టి మళ్లీ ఖర్చు లేదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మారవు కాబట్టి కెమెరాలు, ప్రింటర్, డోర్‌బెల్ దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, మోడెమ్ మారిందని వాటికి తెలియను కూడా తెలియదు. పై గదిలో వైఫై మాత్రం ఇప్పుడున్నట్టే ఉంటుంది.

మీవారు చెప్పే కంపెనీ పెట్టె రెండో దారి. దీన్ని నేను కొట్టిపారేయను. ఏది చెడినా ఒక్క ఫోన్ కాల్, పెట్టె పోతే ఉచితంగా ఇంకోటి ఇస్తారు, అప్‌డేట్లు వాళ్లే చూసుకుంటారు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో పెద్దవాళ్లు ఉండబోతున్నప్పుడు ఆ నిశ్చింతకు విలువ ఉంది. దానికి ఏడాదికి 180 డాలర్లు. మీరు కొన్న మోడెమ్ ధర పన్నెండు నెలల్లో దాటిపోతుంది, ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. ఈ దారి ఎంచుకుంటే 11 రోజుల్లోపు మోడెమ్ వాపసు ఇచ్చేయండి. కొత్త పెట్టెలో వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెట్టండి, ఇంట్లోని వస్తువులు చాలామట్టుకు వాటంతట అవే కలుస్తాయి.

కంపెనీ పెట్టె తీసుకుని, దాని వెనక పాత రౌటర్ కూడా పెడదామని మధ్యేమార్గంగా ఎవరైనా చెప్పవచ్చు. అలా చేస్తే కంపెనీ పెట్టెను తప్పకుండా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలి, అంటే దాని రౌటర్ పని ఆపేసి మోడెమ్‌గా మాత్రమే వాడాలి. లేకపోతే ఒకే గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మన్లను పెట్టినట్టు, ఇద్దరూ విడివిడిగా చీటీ అడుగుతారు. బయట నుంచి కెమెరాలు చూడటం, కొన్ని ఆటలు, ఒక్కోసారి ఆఫీసు వీపీఎన్, ఇవి మొరాయిస్తాయి. అద్దె ఎలాగూ కడుతూ, వైఫై వాళ్లది వాడకపోవడం ఇంట్లో శాంతి కోసం తప్ప నాకు సబబుగా కనిపించదు.

నాకు ఎక్కువ నచ్చిన దారి ఇంకోటి. ఇప్పుడు కొత్త మోడెమ్‌ను పాత రౌటర్‌తో కలిపి నడపండి. సాయంత్రాల సమస్య పోయిందో లేదో ఒక నెల చూడండి. తర్వాత వీలు చూసుకుని, మీవారికి నచ్చిన కొత్త రౌటర్ ఒకటి కొనండి. పాతదానికి అప్‌డేట్లు ఇంకా వస్తుంటే, ఈథర్‌నెట్ తీగ లాగి దాన్ని పై గదిలో యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు అది పహరా కాయదు, వైఫై మాత్రం ఇస్తుంది. మీ ఆఫీసు గదికి పూర్తి సిగ్నల్ వస్తుంది. తమ్ముడి కానుక ఇంట్లోనే ఉంటుంది. ఖర్చు కూడా ఒకేసారి మీద పడదు. తీగ లాగే వీలు లేకపోతే మాత్రం ఈ దారి అంత సులభం కాదు.

ఏ దారి అయినా, సొంత మోడెమ్ పెట్టాక బిల్లు చూడండి. 2020 డిసెంబరు నుంచి అమెరికాలో, కంపెనీ ఇవ్వని పరికరానికి కంపెనీ అద్దె వేయకూడదు. అలాంటి లైన్ బిల్లులో కనిపిస్తే ఫోన్ చేసి తీయించండి.

ఇప్పుడు మీవారి గురించి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. "రౌటర్ పాస్‌వర్డ్ మాకు తెలియదు, తమ్ముడికే తెలుసు" అని రాశారు. ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. తన ఇల్లు, తను డబ్బు కట్టే ఇంటర్నెట్. అది పోయినప్పుడల్లా భార్య సియాటిల్‌కు ఫోన్ చేయాలి. అక్కడ మూడు గంటలు వెనక, అతనింకా ఆఫీసులో ఉంటాడు. అతను ఖాళీ అయ్యేదాకా ఆయన తన ఇంట్లోనే చేతులు కట్టుకుని కూర్చోవాలి. "మీ తమ్ముడి రౌటర్" అన్న మాటలో మీకు మీ పుట్టింటి మీద విసురు వినిపించింది. నాకు మాత్రం సొంత ఇంట్లో ఒక వస్తువు తన చేతిలో లేదన్న బాధ వినిపించింది. కంపెనీ పెట్టె మీద ఆయనకున్న మోజు కూడా బహుశా దీనివల్లే. అది వస్తే ఎవరినీ అడగక్కర్లేదు కదా.

మీరు మొండిగా ఉన్నారా అని అడిగారు. లేదు. ఇంటికి దూరంగా ఉన్న తమ్ముడు తన చేత్తో అమర్చిన వస్తువు మీద మమకారం ఉండటం మొండితనం కాదు. దాన్ని డబ్బా అంటే మనసు చివుక్కుమనడమూ సహజమే. కానీ వస్తువు మీద మమకారం మీదైనా, దాని తాళం ఇద్దరి దగ్గరా ఉండాలి. ఈ రోజే తమ్ముడికి ఫోన్ చేసి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ (వైఫైది కాదు, సెట్టింగుల పేజీలోకి వెళ్లేది) అడగండి. అతనితో మాట్లాడేటప్పుడు మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. "బావగారికి చెప్పరా" అని ఫోన్ ఆయన చేతికివ్వండి. మీ తమ్ముడు సంతోషంగా చెబుతాడు, అతను దాన్ని దాచుకోలేదు, మీరెవరూ అడగలేదంతే. ఆ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టండి.

ఆ తర్వాత శనివారం ఇద్దరూ కలిసి చేయండి. పనులు పంచుకోండి. ముందే రౌటర్ పేజీలోకి వెళ్లి సెట్టింగుల బ్యాకప్ ఫైలు దించుకోండి. తీగలు ఎలా ఉన్నాయో ఫొటో తీయండి, కొత్త మోడెమ్ స్టిక్కర్ ఫొటో తీయండి. ఇంట్లో నెట్ ఉండదు కాబట్టి ఫోన్‌లో డేటా ఉండేలా చూసుకోండి. పాత మోడెమ్ కరెంటు తీసి, కోయాక్స్ తీగ కొత్తదానికి బిగించి ఆన్ చేయండి. మొదటిసారి అది తనంతట తనే అప్‌డేట్ దించుకుని మళ్లీ ఆన్ అవ్వచ్చు, అరగంట పట్టినా మధ్యలో తీగ పీకకండి. ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలిగాక లాప్‌టాప్ తగిలించండి. కంపెనీ పేజీ వస్తే ఈసారి మూసేయకుండా లాగిన్ అవ్వండి. రాకపోతే కస్టమర్ కేర్‌కు మ్యాక్ అడ్రస్ చెప్పండి. నెట్ వచ్చాక అక్కడే వేగం కొలిచి ఆ అంకె రాసుకోండి. ఈ పని మీవారిని చేయనివ్వండి. తర్వాత మోడెమ్ ఆపి, లాప్‌టాప్ తీసేసి, రౌటర్ తగిలించి, ముందు మోడెమ్‌ను, దాని లైట్లు నిలిచాక రౌటర్‌ను ఆన్ చేయండి. అదే లాప్‌టాప్‌ను ఇప్పుడు రౌటర్‌కు తీగతో పెట్టి మళ్లీ వేగం కొలవండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే రౌటర్ నిర్దోషి అని ఆయనకే తెలుస్తుంది. చాలా తేడా ఉంటే అడ్డం రౌటరేనని మీకు తెలుస్తుంది. మీరిద్దరూ ఒకే అంకె చూస్తారు, ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

ఒక్క హెచ్చరిక. ఆరెంజ్ లైట్ మళ్లీ కనిపించినా సరే, రౌటర్ వెనక ఉండే చిన్న రంధ్రంలో పిన్నుతో గుచ్చకండి. అది రీసెట్. మీ తమ్ముడు చేసిపెట్టినవన్నీ ఒక్క క్షణంలో చెరిగిపోతాయి. కరెంటు తీసి ఒక నిమిషం ఆగి పెట్టడం వేరు, పిన్ను గుచ్చడం వేరు.

ఈ శనివారమే మొదలుపెడితే, ఏదైనా కుదరకపోయినా వాపసు గడువులోపు ఇంకో శనివారం చేతిలో ఉంటుంది. పాత మోడెమ్‌ను వెంటనే పారేయకండి, కొత్తది ఒక నెల నిలకడగా పనిచేసేదాకా అటక మీద ఉంచండి. మావయ్యగారు వచ్చాక సాయంత్రం ఆయన టీవీ చూసే వేళలోనే పైన మీకు మీటింగ్ పడవచ్చు. కాబట్టి వాళ్లు దిగేలోపు ఒక సాయంత్రం ఏడు గంటలకు కింద టీవీ, పైన వీడియో కాల్ రెండూ ఒకేసారి పెట్టి చూసుకోండి. అప్పుడూ తెగిపోతే 192.168.100.1 పేజీ ఫొటోతో టెక్నీషియన్‌ను పిలిపించండి.